అంచు తీర్చే చేయి

ఎర్రగుంట్ల అంటే నాపరాయి, సిమెంటు. ఆ రాతి ఊళ్లో నాకు ఎక్కువ ఇష్టమైనది మాత్రం చెక్క పని. తలుపు పలకకు నున్నగా అంచు తీసే వడ్రంగి దగ్గర ఎంతసేపైనా నిలబడతాను.

అంచు చెక్కే రూటరు యంత్రాన్ని బల్ల కింద తలకిందులుగా బిగిస్తారు. దాని కోత బిట్టు ఒక్కటే పైకి కనిపిస్తుంది. నిమిషానికి 20,000 చుట్లు దాటే వేగం. పెద్ద బిట్టయితే తగ్గించాల్సిందే. పైనుంచి చూస్తే అది గడియారం ముళ్లకు ఎదురు తిరుగుతుంది. అందుకే అడ్డుపట్టీకి ఆనించిన చెక్కను కుడి నుంచి ఎడమకే తోయాలి. ఎడమ నుంచి కుడికి తోస్తే బిట్టే చెక్కను లాగేసుకుంటుంది, వెంట వేళ్లూ పోతాయి.

“చెక్కను మనం తొయ్యాలన్నా, అది లాక్కోగూడదు” అన్నాడాయన.

లోతంతా ఒక్కసారే తియ్యడు. రెండు మూడు విడతలు. ముందు అడ్డపోగు కొసలు, తర్వాత నిలువు అంచులు. కొసన లేచిన పెచ్చు అలా పోతుంది. చిన్న ముక్కను చేత్తో పట్టడు, తోపుడు చెక్కతోనే నెడతాడు. భుజాన తుండుగుడ్డ ఉండదు, చేతులకు గ్లవుజులూ ఉండవు. బిట్టు మార్చేటప్పుడు ప్లగ్గు పీకేస్తాడు.

తలుపు చేయించుకునేవాళ్లారా, ఆయన్ని తొందరపెట్టకండి.