విరాటపర్వమున వృత్త్యంతరము – ధైర్యము

మహాభారతమునందలి విరాటపర్వము కథావైచిత్రిచేతను, రసపోషణముచేతను బండితపామరుల మన్ననకుఁ బాత్రమైనది. తిక్కన సోమయాజి తన పదునేను పర్వముల యాంధ్రీకరణమును దీనితోనే యారంభించెను. ఇందుఁ గీచకవధయు, గోగ్రహణములును బ్రధానఘట్టములని విమర్శకులు విశేషించి చర్చించియున్నారు. పాండవుల కొలువు ప్రవేశమును మాత్రము వేషధారణముగా నెంచి, వినోదార్థమైన పూర్వరంగముగాఁ జదివి విడుచుట కలదు. ఆ యభిప్రాయము పునర్విమర్శింపఁదగినది.

కేవలము మఱుఁగుపడుటయే ప్రయోజనమైనచో నడవులు చాలును. పండ్రెండేఁడు లందుఁ గడపినవారికి మఱియొక యేఁడు గడపుట యరిది కాదు. కాని పదుమూఁడవ యేఁడు జనమధ్యమున నజ్ఞాతులై యుండవలయునని పణబంధము. జనమధ్యమున నుండువానిని లోకము ముందుగా నడుగునది పేరు. వెంటనే యడుగునది పని. కావున వారికి వేషమాత్రము చాలదు, వృత్తి కావలసివచ్చెను.

ధర్మజుఁడు కంకుఁడను పేర రాజునకు జూదపుఁ జెలికాఁ డయ్యెను. భీముఁడు వలలుఁడై వంటశాలఁ జేరెను. అర్జునుఁడు బృహన్నల యై యుత్తరకు నాట్యము గఱపెను. నకులుఁడు దామగ్రంథి యను పేర నశ్వములను, సహదేవుఁడు తంత్రిపాలుఁడను పేర గోగణములను గాచిరి. ద్రౌపది సుదేష్ణకు సైరంధ్రి యయ్యెను. ఇందొక్కటియు నానాఁడు క్రొత్తగా నేర్చిన పని కాదు. అర్జునుఁడు నాట్యగీతములను స్వర్గమునఁ జిత్రసేనునియొద్ద నభ్యసించెను. దివ్యాస్త్రములకై పోయినవాని కవి యప్పు డేమి పనికి వచ్చును? అస్త్రములను జమ్మిచెట్టుపైఁ బెట్టవలసివచ్చిననాఁ డవియే కూడు పెట్టినవి.

ధర్మజుని విషయము మఱింత సూక్ష్మము. ఏ పాచికలు రాజ్యముఁ గోలుపుచ్చెనో యా పాచికలే యతనికి జీవనోపాధి యయ్యెను. అరణ్యపర్వమున బృహదశ్వుఁడు నలోపాఖ్యానముఁ జెప్పి, తుద నక్షహృదయము నతని కుపదేశించెను. నలుఁడును బాహుకుఁడను పేర ఋతుపర్ణునికి సారథియై, యశ్వహృదయ మొసఁగి యక్షహృదయముఁ బడసి, పోయినదానిని మరలఁ బొందినవాఁడే. కాఁబట్టి యా యుపాఖ్యానము వట్టి యోదార్పుమాట కాదు. ఓటమి యెందుఁ గలిగెనో యందే విద్యను సంపాదింపవలయునను నుపదేశము. ధర్మజుఁడు తన లోపమునకు వెఱచి దూరముగాఁ బాఱిపోలేదు. దాని తత్త్వ మెఱిఁగి, దానినే వృత్తిగాఁ గైకొనెను. ధీశబ్దమునుండి ధీరశబ్దము, దానినుండి భావార్థమున ధైర్యశబ్దము నిష్పన్నములగునని వ్యుత్పాదించుట కలదు. ఆ మార్గమున ధైర్యము బుద్ధినుండి పుట్టినదే కాని బాహుబలమునుండి పుట్టినది కాదు.

వ్యాకరణమున స్థానివద్భావ మను నొక మర్యాద కలదు. ఒక శబ్దమున కాదేశముగా వచ్చిన మఱియొక శబ్దము స్థానియొక్క ధర్మములఁ దాల్చి తత్కార్యములను బొందును. కాని వర్ణమాత్రము నాశ్రయించిన విధులయం దా మర్యాద చెల్లదు. పాండవుల కొలువున నీ రెండంశములును గానవచ్చును. కంకుఁడు ధర్మజుని కాదేశము. సత్యము, క్షమ, వివేకము నను ధర్మములు వానియందు నిలిచినవి. వలలుఁడు జీమూతుఁడను మల్లునిఁ గూల్చుటయు నిట్టిదే. గరిటె పట్టినను బాహువు బాహువే. పేరు, గద్దె, ఛత్రము మొదలగు రూపమాత్రము నాశ్రయించిన గౌరవములు మాత్రము నిలువలేదు. ధౌమ్యుఁడు సేవాధర్మముఁ దెలుపుట యీ రెండవ యంశమును గుఱించియే. ఎచటఁ గూర్చుండవలయును, ఏమి పలుకరాదు, ఏ రహస్యమును వెలిపుచ్చరాదు అని యతఁడు బోధించును. ఏలినవారి కేలఁబడుట నేర్పవలసివచ్చెను. విరాటుఁడు పాచికతోఁ గొట్టినప్పుడు నెత్తురు భూమిపైఁ బడనీయక, బృహన్నలను ద్వారముకడనే యాపించి, కొట్టిన రాజునే కాపాడిన కంకుని నడవడి యా బోధకు ఫలము. గడువు నిండి ధర్మజుఁడు సింహాసనముపైఁ గూర్చుండఁగా విరాటుఁడు కోపించెను. అతఁడు చూచినది రూపమునే.

ఈ ఘట్టములయందుఁ దిక్కన రచనకుఁ గల బిగువు యాదృచ్ఛికము కాదు. 13వ శతాబ్దమున నెల్లూరి మనుమసిద్ధికి మంత్రియై మెలఁగినవాఁ డతఁడు. రాజ్యముఁ గోల్పోయిన యా ప్రభువు పక్షమునఁ దిక్కన యోరుగంటికిఁ బోయి గణపతిదేవుని సాయ మర్థించెనని సిద్ధేశ్వరచరిత్రము తెలుపుచున్నది. పరుల కొలువున నిలిచి మాటాడుట యెట్టిదో యతఁడు పుస్తకములవలననే యెఱిఁగినవాఁడు కాఁడు.

ఇచట నొక యాక్షేపము. స్వవిద్యయే రక్ష యైనచో ద్రౌపది కేల పరాభవము గలిగెను? ఆమె పనియందు లోపము లేదు. అయినను గీచకుఁడు నిండుకొలువునఁ దన్నెను. కంకుఁడు నటివలె నేడ్వవలదని మందలించెను. తన పతియే నటుఁడని, జూదరియని యామె యిచ్చిన ప్రత్యుత్తరము తిక్కన రచనయందుఁ బ్రసిద్ధము. ఈ యాక్షేపమును దాఁటవేయరాదు. నేర్పు పనిని నిలుపును గాని, పనిచేయువారి మానమును నిలుపుట కేలినవాని న్యాయము వలయును. విరాటుని సభలో నది లేకుండెను. ఐనను ద్రౌపది కుంగి యూరకుండక, రాత్రి వంటశాలకుఁ బోయి భీముని మేల్కొలిపెను. ఓర్పువలెనే, యెవరి నెప్పు డాశ్రయింపవలయునో యెఱుఁగుటయు ధైర్యములోని భాగమే. ధర్మజుని ధైర్యమునే చూపి ద్రౌపది ధైర్యమును విడిచిన పాఠము సగము పాఠము.

ఉత్తరగోగ్రహణమున నీ యర్థమే మఱియొక తెఱఁగునఁ దోఁచును. అంతఃపురమున బీరము లాడిన యుత్తరుఁడు కౌరవసేనను గాంచి రథము డిగ్గి పాఱెను. అర్జునుఁడు వానిఁ బట్టి తెచ్చి, పిఱికివాఁడని త్రోసిపుచ్చక, పగ్గము లిచ్చి సారథినిఁ జేసెను. పోరలేనివాఁడు రథము తోలఁగలిగెను. ఏఁడాది కాలము తానే స్థానభ్రష్టుఁడై మెలఁగినవాఁడు గావుననే యర్జునుఁ డితరునిఁ దగిన స్థానమున నిలుపఁగలిగెను.

కావునఁ గొలువు ప్రవేశము పూర్వరంగము కాదు. తరువాతి కథ కంతకును బునాది. స్థానము మాఱినప్పుడు పోవునది యేది, పోనిది యేది యను వివేకమే యచటఁ బ్రతిపాదితము. పాఠశాలలలో నీ పర్వమును బోధించువారు కీచకవధకుఁ ద్వరపడక, జమ్మిచెట్టుకడ నొక్కదినము నిలుచుట మేలు. చదువుకొను బాలురును నొకనాఁడు తమ యాయుధములను జెట్టుపై నుంచి, పరుల వాకిటఁ బని యడుగవలసినవారే.