సొంత వ్యాఖ్యానం ఎవరిది?
2 పేతురు 1:20 వాడుకపై విమర్శనాత్మక పరిశీలన

లేఖనాన్ని వ్యాఖ్యానించే అధికారం ఎవరికి ఉంది అనే ప్రశ్న తలెత్తినప్పుడు మన సంఘాలలో తరచుగా చూపించే వచనం 2 పేతురు 1:20. బైబిలు అధ్యయన కూడికలో ఒక విశ్వాసి కాపరి చెప్పినదానికి భిన్నమైన అర్థం చెప్పబోతే, లేఖనానికి సొంత వ్యాఖ్యానం చెప్పకూడదని ఈ వచనం చూపి ఆపుతారు. దానితో చర్చ ముగిసిపోతుంది. అయితే ఆపిన వ్యక్తి చెప్పినది ఎవరి వ్యాఖ్యానం? అది ఆయన సొంతం కాదని నిర్ణయించినదెవరు? ఈ ప్రశ్నను దాటవేసినంత కాలం మనం చేస్తున్నది లేఖనాన్ని కాపాడడం కాదు, ప్రసంగ వేదికను కాపాడుకోవడం. కాబట్టి ఈ వాడుకను వచన భావం, సంఘ చరిత్ర, మన తెలుగు సంఘాల స్థితి అనే మూడు కోణాలలో పరిశీలించవలసి ఉంది.

1. వచనం చెప్పేదేమిటి?

వివాదమంతా రెండు గ్రీకు పదాలపై ఆధారపడింది. ‘ఇదియాస్’ అంటే ‘సొంత’. ‘ఎపిల్యుసెయోస్’ అంటే విప్పి చెప్పడం, చిక్కు విడదీయడం. ఈ రెండవ నామవాచకం కొత్త నిబంధనలో మరెక్కడా రాదు. దాని క్రియారూపం మాత్రం యేసు శిష్యులకు ఏకాంతంగా అన్నీ విశదపరచిన మార్కు 4:34లోను, ఎఫెసులో వివాదాన్ని సభలో పరిష్కరించుకోవాలని చెప్పిన అపొ. కార్యములు 19:39లోను ఉంది.

ఇక్కడ ‘సొంత’ అన్నది ఎవరికి వర్తిస్తుంది? చదువుతున్న వానికా, పలికిన ప్రవక్తకా? 1611 నాటి ఇంగ్లీషు కింగ్ జేమ్స్ అనువాదం ‘వ్యాఖ్యానం’ అనే అర్థాన్నిచ్చే మాటను వాడి మొదటి భావానికి దారి ఇచ్చింది. మన సంఘాలలో చిరకాలంగా చదువుతున్న తెలుగు అనువాదం మాత్రం ప్రవచనం మనిషి ఊహలోనుండి పుట్టదనే రెండవ భావాన్ని తీసుకుంది. తెలుగు బైబిలు చేతపట్టుకొని, అందులో లేని ఇంగ్లీషు భావాన్ని బోధించడం గమనార్హం.

సందర్భం రెండవ భావాన్నే బలపరుస్తుంది. 16వ వచనంలో రచయిత తాము చెప్పినవి కల్పనా కథలు కావని వాదిస్తున్నాడు. 21వ వచనం కారణాన్ని తెలిపే పదంతో ప్రారంభమై, ప్రవక్తలు మానవ చిత్తాన్నిబట్టి గాక పరిశుద్ధాత్మ ప్రేరణతో పలికారని చెబుతుంది. అంటే ఇక్కడి ప్రశ్న ప్రవచనం ఎక్కడనుండి వచ్చిందన్నదే. రిచర్డ్ బాకమ్ 1983లో ప్రచురించిన వ్యాఖ్యానంలో ఈ అభిప్రాయాన్నే సమర్థించాడు.

మొదటి భావాన్ని పూర్తిగా కొట్టివేయలేమని కొందరు అంటారు. పౌలు పత్రికలను అపార్థం చేసేవారిని గూర్చి 3:16 హెచ్చరిస్తుంది గదా అన్నది వారి వాదన. వాదన కొరకు దాన్ని అంగీకరిద్దాం. అప్పుడైనా ఈ వచనం ఎవరి నోరు మూయిస్తుంది? వ్యాఖ్యానించే హక్కు ఫలానా వారికే ఉందని రచయిత ఎక్కడా చెప్పలేదు. వెంటనే 2:1–3లో ఆయన ఎత్తి చూపినది సామాన్య విశ్వాసులను కాదు. సంఘం లోపలే ఉండి, కల్పిత వాక్యాలతో లాభం సంపాదించుకునే అబద్ధ బోధకులను. ఏ పత్రికతో మనం విశ్వాసిని ఆపుతున్నామో, ఆ పత్రిక మొదట అనుమానించేది బోధకుణ్ణే.

2. చరిత్ర నేర్పే పాఠం

ఈ ప్రశ్నకు సంస్కరణ కాలంలో రెండు పక్షాలూ జవాబు చెప్పాయి. ట్రెంట్ మహాసభ 1546 ఏప్రిల్ 8న, విశ్వాస, నైతిక విషయాలలో ఎవరూ తమ స్వబుద్ధిని ఆధారం చేసుకొని, సంఘం పట్టుకొనియున్న భావానికీ పితరుల ఏకాభిప్రాయానికీ విరుద్ధంగా లేఖనాన్ని వ్యాఖ్యానించరాదని శాసించింది. ఆ ధోరణి రోమన్ కథోలిక సంఘంలో యథాతథంగా నిలిచిపోలేదన్నది న్యాయంగా చెప్పుకోవాలి. 1965 నవంబరు 18న రెండవ వాటికన్ మహాసభ వెలువరించిన దైవ ప్రకటన పత్రం, బోధనాధికారం వాక్యానికి పైన లేదని, దానికి సేవ చేస్తుందని ప్రకటించింది. అయితే ప్రామాణికంగా వ్యాఖ్యానించే బాధ్యతను ఆ అధికారానికే పరిమితం చేసింది. సేవకుడు యజమాని మాట తప్పుగా విన్నప్పుడు ఎవరు చెప్పాలన్న ప్రశ్నకు అక్కడ స్పష్టమైన జవాబు లేదు.

మనం ప్రొటెస్టంటులం గనుక మనకు ఈ చిక్కు లేదనుకోవడం పొరపాటు. జూరిచ్ పట్టణ చరిత్ర చూడండి. 1523 జనవరిలో జరిగిన చర్చ తరువాత, లేఖనంనుండి రుజువు చేయగలిగినదే బోధించాలని నగర సభ ఆదేశించింది. జ్వింగ్లీ పక్షానికి అది విజయం. కాని లేఖనం ఏమి చెప్పిందో ప్రకటించినది ఎవరు? నగర సభ. అదే సంవత్సరం అక్టోబరులో జరిగిన రెండవ చర్చలో సైమన్ స్టంఫ్ దీనికి అభ్యంతరం చెప్పాడు. 1525 జనవరిలో శిశు బాప్తిస్మ వివాదంలో నగర సభ మళ్లీ తీర్పు చెప్పింది. శిశువులకు ఎనిమిది దినాలలో బాప్తిస్మం ఇప్పించాలని ఆదేశించింది. లేఖనం వేరుగా చెబుతుందని నమ్మిన ఫెలిక్స్ మాంజ్‌ను 1527 జనవరి 5న లిమ్మట్ నదిలో ముంచి చంపారు. పోపు అధికారాన్ని కాదని లేఖనాన్ని ఎత్తిపట్టిన పట్టణం నాలుగేళ్లలోనే లేఖనాన్ని వేరుగా చదివినవాణ్ణి నీట ముంచింది.

‘లేఖనమే ప్రమాణం’ అనే సిద్ధాంతం తప్పని దీని అర్థం కాదు. లేఖనం తనంతట తాను నోరు తెరచి చదువుకోదు, ఎవరో ఒకరు చదువుతారు. ఆ చదువరి జవాబుదారీతనాన్ని గూర్చి ఆలోచించకపోతే, సిద్ధాంతం ఎంత మంచిదైనా పాత అధికారమే కొత్త అంగీ తొడుక్కుంటుంది.

3. ఆదిమ సంఘ పద్ధతి

అపొ. కార్యములు 15లో సున్నతి వివాదం వచ్చినప్పుడు పేతురు ఒక్కడే తీర్పు చెప్పలేదు. ఎంతో తర్కం జరిగింది. పేతురు తన అనుభవం చెప్పాడు. బర్నబా, పౌలు అన్యజనులలో దేవుడు చేసినవి వివరించారు. యాకోబు ఆమోసు ప్రవచనాన్ని ఎత్తి చూపాడు. అపొస్తలులు, పెద్దలు, సంఘమంతా కలిసి ప్రతినిధులను పంపారు. పరిశుద్ధాత్మతో పాటు తమకును తోచినదని వ్రాయడానికి ముందు ఆ ‘తాము’ ఎంతమందో మనం లెక్కించాలి.

అదే గ్రంథంలో బెరయవారు పౌలు చెప్పిన సంగతులనే లేఖనాలతో పోల్చి పరిశోధించారు. లూకా వారిని అవిధేయులనలేదు, మెచ్చుకున్నాడు (17:11). లేఖనాలలో ప్రవీణుడైన అపొల్లోకు దేవుని మార్గాన్ని మరింత పూర్తిగా విశదపరచినవారు డేరాలు కుట్టే అకుల, ప్రిస్కిల్ల (18:24–26). అంతియొకయలో పేతురును పౌలు ముఖాముఖిగా ఎదిరించాడు (గలతీ. 2:11). ప్రవక్తలు మాట్లాడితే తక్కినవారు వివేచించాలని కొరింథు సంఘానికి ఆజ్ఞ ఉంది (1 కొరింథీ. 14:29). వీటన్నిటిలో ఒక సూత్రం కనిపిస్తుంది. దిద్దబడడానికి సిద్ధపడినవానికే దిద్దే అధికారం ఉంటుంది.

4. తెలుగు సంఘాలకు వర్తింపు

మన దేశంలో ఈ ప్రశ్నకు మరొక లోతు ఉంది. శాస్త్రం చదివే హక్కు పుట్టుకనుబట్టి నిర్ణయమైన సమాజంలో, ఆ హక్కు లేనివారి చేతికి బైబిలు వచ్చింది. 1866లో బాప్తిస్మం పొందిన యర్రగుంట్ల పేరయ్య మాదిగ కులస్థుడు. ఒంగోలు ప్రాంతంలో సువార్త ఆయన ద్వారా తన వారిలోకి వెళ్లింది. 1878 జూలై 3న గుండ్లకమ్మ నది దగ్గర 2,222 మంది ఒక్క దినాన బాప్తిస్మం పొందారు. ఊరి గుడిలో వేదం వినడానికి తగరని అనిపించుకున్నవారు దేవుని వాక్యాన్ని తమ భాషలో విని, తమ నోటితో ఇతరులకు చెప్పారు. వారి మనుమలను, మునిమనుమలను ‘నీకు వ్యాఖ్యానించే హక్కు లేదు’ అని కూర్చోబెడితే, మనం ఏ గోడను తిరిగి కడుతున్నామో ఆలోచించాలి.

2 పేతురు 1:20కు తోడుగా ఈ దినాలలో మరొక వచనం ప్రచారంలో ఉంది. అభిషిక్తులను ముట్టరాదని చెప్పే కీర్తన 105:15 చూపి, దైవజనుని బోధను ప్రశ్నించడమే పాపమని చెబుతున్నారు. ఆ కీర్తనలో అభిషిక్తులంటే పొరుగు దేశంలో రక్షణ లేక సంచరించిన పితరులు. హెచ్చరిక పొందినవారు రాజులు. బలహీనులను బలవంతులనుండి కాపాడే మాటను, బలవంతుణ్ణి ప్రశ్ననుండి కాపాడే మాటగా మార్చడం కంటె సొంత వ్యాఖ్యానం మరొకటి ఉంటుందా?

అయితే ఎవరికి తోచినది వారు చెప్పుకోవచ్చునా? కాదు. ఐతియొపీయుడైన నపుంసకునికి త్రోవ చూపేవాడు కావలసి వచ్చింది (అపొ. కార్యములు 8:31). ఎజ్రా దినాలలో లేవీయులు ధర్మశాస్త్ర భావాన్ని జనులకు తెలియజేశారు (నెహెమ్యా 8:7–8). గ్రీకు, హెబ్రీ భాషల శిక్షణ, సంఘ చరిత్ర జ్ఞానం అవసరమే. అనాలోచితమైన వ్యాఖ్యానాలు కుటుంబాలను, సంఘాలను చీల్చడం మనందరం చూస్తున్నదే. కాని ఫిలిప్పు రథంలో పక్కన కూర్చొని, అడిగిన ప్రశ్ననుండే బోధ మొదలుపెట్టాడు. వేదాంత విద్య ఇచ్చేది ప్రశ్నను ఆపే అధికారం కాదు, ప్రశ్నకు ఆధారాలతో జవాబు చెప్పవలసిన బాధ్యత.

ముగింపు

ఈ పరిశీలననుబట్టి వ్యాఖ్యాన అధికారం ఒక పదవిలోగాని ఒక వ్యక్తి అభిషేకంలోగాని బంధింపబడలేదని తేలుతుంది. అలాగని అది ఒంటరి చదువరి సొత్తు కూడా కాదు. లేఖనం ఎదుట, సహవిశ్వాసుల ఎదుట జవాబు చెప్పుకునే సంఘానికి అది అప్పగింపబడింది. కాపరులు ఆ సంఘంలో మొదటి చదువరులు, చివరి న్యాయాధిపతులు కారు. ఆచరణలో ఇది పెద్ద మార్పేమీ కాదు. ఆదివారం ప్రసంగించిన వాక్యభాగాన్నే వారం మధ్య కూడికలో విశ్వాసుల ఎదుట ఉంచి, అది అలా ఉన్నదో లేదో పరిశోధించమని అడగవచ్చు. స్త్రీలకు, అక్షరాస్యత లేని వృద్ధులకు కూడా మాట్లాడే వంతు ఇవ్వవచ్చు. అడిగిన ప్రశ్నకు జవాబు తెలియకపోతే చదివి వచ్చే వారం చెబుతానని అనవచ్చు. ఇంత చేసే ధైర్యం లేని బోధకుడు 2 పేతురు 1:20ను ఇతరులకు చూపించే ముందు 2:1ను తనకు తాను చదువుకోవడం మంచిది.