పేపర్ట్ తాబేలు, మన పంతులు

విద్యాశాస్త్ర గ్రంథాలను సాహిత్య విమర్శ సాధారణంగా పట్టించుకోదు. సీమోర్ పేపర్ట్ 1980లో ప్రచురించిన ‘మైండ్‌స్టార్మ్స్’ విషయంలో ఈ ఉపేక్ష తగదని నా అభిప్రాయం. ఇవాళ బడుల్లోకి వస్తున్న రోబోటిక్స్ బోధనకు సైద్ధాంతిక పునాది చాలావరకు ఆ పుస్తకంలోదే. 1998లో లెగో కంపెనీ తన రోబో కిట్‌కు పెట్టుకున్న పేరు కూడా అక్కడిదే.

పేపర్ట్ దక్షిణాఫ్రికాలో పుట్టిన గణితవేత్త. జెనీవాలో పియాజేతో పనిచేశాడు. 1967లో సహచరులతో కలిసి పిల్లల కోసం ‘లోగో’ అనే కంప్యూటర్ భాషను రూపొందించాడు. ఆ భాషలో ఆజ్ఞలిస్తే ‘తాబేలు’ నేలమీదో తెరమీదో కదిలి గీతలు గీస్తుంది.

ఈ పద్ధతి సారాన్ని ఒక్క ఉదాహరణలో చెప్పవచ్చు. సమబాహు త్రిభుజంలో కోణం 60 డిగ్రీలని చదువుకున్న పిల్ల ‘ముందుకు 100, కుడికి 60’ అని మూడుసార్లు ఆజ్ఞ ఇస్తుంది. త్రిభుజం రాదు, సగం షడ్భుజి వస్తుంది. అప్పుడు తానే లేచి తాబేలులా నడిచి చూస్తుంది. బయల్దేరిన చోటికి, బయల్దేరిన దిక్కుకే రావాలంటే మొత్తం 360 డిగ్రీలు తిరగాలి. అంటే మూలకు 120. ఇక్కడ తప్పు శిక్షార్హం కాదు, ఆలోచనకు ముడిసరుకు. రచయితలకు ఇది కొత్త కాదు. కొట్టివేతల్లేని చిత్తుప్రతి ఎవరి దగ్గరుంది?

పరిమితీ ఇక్కడే ఉంది. పిల్లవాణ్ణి చూసినంత నిశితంగా పేపర్ట్ పంతుల్ని చూడడు. ఆ ఖాళీలోకి కిట్లమ్మేవాళ్లు ప్రవేశించారు. 2020 జాతీయ విద్యావిధానం ఏడాదికి 50 గంటల శిక్షణ ప్రతి ఉపాధ్యాయునికీ ఉండాలంది. గంటలు లెక్కపెట్టడం సులువే. బొమ్మ చూసి మరలు బిగించి, ఇచ్చిన ప్రోగ్రాం ఎక్కించి, సర్టిఫికెట్ పుచ్చుకుని వచ్చే శిక్షణలో పంతులే రోబో అవుతున్నాడు.

ఈ మాట ఊరికే అనడం లేదు. ‘రోబో’ ప్రయోగశాలలో పుట్టిన పదం కాదు. చెక్ రచయిత కారెల్ చాపెక్ 1920లో ప్రచురించిన ‘ఆర్.యు.ఆర్.’ నాటకంలో పుట్టింది. సూచించింది అతని అన్న జోసెఫ్. దాని మూలమైన ‘రొబోతా’కు అర్థం భూస్వామికి చేసే నిర్బంధ చాకిరి. మన మాటలో వెట్టి. తెలంగాణ రైతాంగం వెట్టిమీద తిరగబడిన నేలపై ఈ అర్థం చెప్పకుండా రోబో పాఠం చెప్పటం చరిత్రను దాచటమే.

అందుచేత ఈ శిక్షణలో సైన్సు, లెక్కల పంతుళ్ల పక్కన తెలుగు, సోషల్ పంతుళ్లు కూడా కూర్చోవాలి. 7 సెంటీమీటర్ల వ్యాసమున్న చక్రం ఒక చుట్టుకు దాదాపు 22 సెంటీమీటర్లు పోతుంది. ఐదు చుట్లకు 110 పోవాలి. ఇసుకలో జారి అంత పోదు. ఆ లోటును ఘర్షణ పాఠం వివరిస్తుంది. జరిగింది జరిగినట్టు, సందిగ్ధం లేకుండా రాయటం భాషా పాఠం. యంత్రానికిచ్చే ఆజ్ఞకు ఒకే అర్థం ఉండాలి. కవితకు ఒక్క అర్థం చాలదు. ఈ తేడాను పిల్లలకు చూపగలిగేది సాహిత్యం చదివినవాడే.

పేపర్ట్ పిల్లలకు కోరిన స్వేచ్ఛ మొదట పంతులుకు దక్కాలి. తప్పుగా బిగించి, విప్పి, మళ్లీ బిగించే తీరిక లేని శిక్షణ ఎన్ని గంటలున్నా ఆ పుస్తకానికి న్యాయం చేయదు. రచయితలు, సాహిత్య విద్యార్థులు ఈ చర్చను సాంకేతిక నిపుణులకు వదిలేయకూడదు.