భుజం మీది ఎర్ర మచ్చ

మన దేశపు చిలుకల్లో భారీ శరీరం అలెగ్జాండ్రిన్ చిలుకది. ముక్కు నుంచి తోక కొస దాకా 56 నుంచి 62 సెంటీమీటర్లు. అందులో దాదాపు సగం తోకే. ఊళ్లలో రోజూ కనబడే రామచిలుక 40 సెంటీమీటర్లకు అటూఇటూ ఉంటుంది. అయినా పొడవును నమ్ముకోవడం మంచిది కాదు. పక్కన మరో పిట్ట లేకపోతే ఎత్తయిన కొమ్మ మీద కూర్చున్నది ఎంత పెద్దదో కంటికి అందదు. పైగా కూనల తోక పొట్టిగా ఉంటుంది.

చూడాల్సింది భుజం. రెక్క మొదట్లో ముదురు ఎరుపు మచ్చ ఆడదానికీ మగదానికీ ఉంటుంది, రామచిలుకకు ఉండదు. చాలామంది ముందుగా మెడపట్టీ కోసం వెతుకుతారు. నలుపు, గులాబీ కలిసిన ఆ పట్టీ ఎదిగిన మగదానికే ఉంటుంది. పైగా అలాంటిదే మగ రామచిలుకకూ ఉంది, కాబట్టి దానితో ఏదీ తేలదు.

మచ్చ ఒక్కటే చూసినా చిక్కే. తల ఊదా ఎరుపు ఛాయలో ఉండే చిన్న అడవి చిలుకలో మగదానికీ భుజం మీద ఎర్ర మచ్చ ఉంటుంది. కానీ దాని ముక్కు పసుపు, తోక కొస తెలుపు. అలెగ్జాండ్రిన్ ముక్కు చాలా పెద్దది, పైదవడా కిందిదవడా రెండూ ఎరుపే. దక్షిణాది రామచిలుకకు కిందిదవడ నల్లగా ఉంటుంది. ముక్కును, భుజాన్ని కలిపి చూస్తే పొరబాటుకు తావుండదు. ఆకుల చాటున ఉంటే గొంతే ఆనవాలు: రామచిలుకది సన్నని కీచు, దీనిది లోతైన బొంగురు అరుపు. ఎగిరేటప్పుడు రెక్కలు బరువుగా, నెమ్మదిగా ఆడతాయి.

శీతకాలం మొదలుకొని వేసవి ముఖం దాకా గూళ్ల కాలం. పెద్ద చెట్ల తొర్రల్లో రెండు నుంచి నాలుగు గుడ్లు పెడుతుంది. వడ్రంగిపిట్ట తొలిచిన రంధ్రాన్ని ముక్కుతో కొరికి వెడల్పు చేసుకోవడమూ ఉంది. ఈ తొర్రలే దానికి ప్రాణం మీదికి తెస్తున్నాయి. పంజరాల వ్యాపారం కోసం కూనలను అక్కడి నుంచే ఎత్తుకుపోతారు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అడవి చిలుకను పట్టడం, అమ్మడం, పెంచడం నేరం. ముచ్చటకు పెంచుకుంటున్నామనేది సమాధానం కాదు. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం ఈ జాతిని ముప్పుకు దగ్గరైన వాటిలో చేర్చింది. వేటను ఆపితే సరిపోదు, ముసలి చెట్లూ మిగలాలి. సగం ఎండిందని కొట్టేసిన చెట్టు స్థానంలో మొక్క నాటినా, దానికి ఇంత పక్షి పట్టే తొర్ర పడడానికి దశాబ్దాలు కావాలి.