టోపీ, గంట, క్యారేజీ

వన్ పీస్ అభిమానులు ఇద్దరు కలిశారంటే ఆర్కుల ర్యాంకింగ్ గొడవ రాక తప్పదు. మెరీన్‌ఫోర్డ్ యుద్ధాన్ని మించింది లేదని ఒకరంటారు. వానోలో బొమ్మల నాణ్యత చూశావా అని ఇంకొకరు ఎదురు తిరుగుతారు. స్కైపియా పేరెత్తితే మాత్రం ఇద్దరూ ఏకమై నవ్వుతారు. నా జాబితాలో స్కైపియాది మూడో స్థానం. నవ్వేవాళ్లు నవ్వొచ్చు.

ముందు ఈ ఆర్క్ సంగతి చెప్పాలి. ఎయిచిరో ఓడా 1997 జులైలో షోనెన్ జంప్ అనే జపాన్ వారపత్రికలో ఈ బొమ్మల కథ (మాంగా) మొదలుపెట్టాడు. తోయి యానిమేషన్ 1999 అక్టోబరు 20 నుంచి దాన్ని టీవీకి ఎక్కించింది. 2021 నవంబరుకి వెయ్యో భాగం వచ్చింది. రబ్బరులా సాగే ఒళ్లున్న లూఫీ అనే కుర్రాడు సముద్రపు దొంగలకు రాజునవుతానని, వన్ పీస్ అనే నిధి కోసం ఓడెక్కుతాడు. కథ అంతే. దారి పొడవునా దీవులు. ఒక్కో దీవిలో ఒక పీడకుడు, వాడి కింద నలిగే జనం, ఆ జనంలో ఒకరి పాత గాయం, పెద్ద కొట్లాట, ఆ తర్వాత తెల్లార్లూ విందు. ఆ దీవి కథంతా కలిపి ఒక ఆర్క్. మన వారపత్రికల సీరియళ్లు చదివి పెరిగినవాళ్లకు ఈ పద్ధతి కొత్త కాదు. వారం వారం ఒక ముడి పడుతుంది, ఎప్పుడో విడుతుంది. కాకపోతే ఓడా ఒక ముడి విప్పడానికి ఏడేళ్లు తీసుకున్నా కంగారు పడడు.

ఎవరు ఎవర్ని కొట్టారు, ఎవరి బలం ఎంత పెరిగింది అన్న లెక్కతో చాలామంది ర్యాంకులిస్తారు. నా కొలత వేరు. ఓడా మంచి ఆర్క్ రాసిన ప్రతిసారీ, కొట్లాటకు చాలా ముందే ఒక మామూలు వస్తువును మన కళ్ల ముందు పెట్టి ఊరుకుంటాడు. తర్వాత జరిగే గందరగోళమంతా ఆ వస్తువు చేరాల్సిన చోటికి చేరడానికే. అలాంటి వస్తువు లేని ఆర్కులో ఎన్ని గుద్దులున్నా నాకు మర్నాటికి గుర్తుండవు.

రెండో స్థానంలో ఉన్న ఆర్లాంగ్ పార్క్‌తో మొదలుపెడతాను, ఎందుకంటే ఓడా పనితనమంతా అక్కడే మొదటిసారి ఒకచోట కనిపిస్తుంది. టీవీలో 31 నుంచి 44 దాకా, అంటే 14 భాగాలే. ఆర్లాంగ్ అనే చేపమనిషి కొకోయాసి అనే ఊరి మీద పడి తలపన్ను వేస్తాడు. పెద్దవాళ్లకు లక్ష బెర్రీలు, పిల్లలకు యాభై వేలు. కట్టనివాళ్లకు చావే. తర్వాత లూఫీ ముఠాలో చేరే నామినీ, ఆమె అక్క నోజికోనీ పెంచుకుంటున్న బెల్‌మేర్ దగ్గర ఉన్నది లక్షే. ఆ డబ్బుతో తన తలైనా నిలుపుకోవచ్చు, ఇద్దరు పిల్లల పన్నైనా కట్టొచ్చు. నాకు పిల్లల్లేరని ఒక్క అబద్ధమాడితే బతికిపోయేది. ఆడలేదు. వాళ్లు నా కూతుళ్లేనని చెప్పి, వాళ్ల కోసం ఆ లక్షా కట్టి, తూటాకు ఎదురుగా నిలబడింది. ఇంత క్రూరత్వాన్ని ఓడా ఒక పన్ను లెక్కలో ఇమిడ్చాడు. కూడికలు వచ్చిన పిల్లవాడికి కూడా అర్థమవుతుంది.

దీన్ని మించిన తెలివి మరొకటుంది. ఈ గతాన్ని నోజికో చెప్పబోతుంటే లూఫీ వినడు. నామి గతంతో తనకు పనిలేదని షికారుకు వెళ్లిపోతాడు. ముఠాలోని జోరో ఉండి కూడా నిద్రపోతాడు. మనకు అంతా తెలుసు, హీరోకి ఏమీ తెలియదు. మాంగాలో మిగతా పాత్రలు మనసులో అనుకునేవి మనకు వినిపిస్తూనే ఉంటాయి కానీ లూఫీవి వినిపించవు. అతను ఏం చేస్తాడో చూడడమే తప్ప ఏమనుకుంటున్నాడో తెలియదు. అందుకే అతను కదిలినప్పుడు జాలితో కదిలాడనిపించదు. నామి అడిగింది కాబట్టి వెళ్లాడు.

ఆ అడగడం దగ్గరే టోపీ వస్తుంది. ఊరిని తిరిగి కొనుక్కోవడానికి నామి ఎనిమిదేళ్లపాటు దొంగతనాలు చేసి కూడబెట్టిన సొమ్మును లంచగొండి నౌకాదళ అధికారి తవ్వుకుపోయాడు. పది కోట్లకు డెబ్బై లక్షలు తక్కువ, అంతే. నామి నేల మీద కూలబడి, భుజం మీది ఆర్లాంగ్ ముఠా పచ్చబొట్టును కత్తితో పొడుచుకుంటుంది. లూఫీ ఆ చెయ్యి పట్టుకుని ఆపుతాడు. సాయం చేయమని ఆమె నోట మొదటిసారి మాట వచ్చాక, తన గడ్డి టోపీ తీసి ఆమె నెత్తిన పెడతాడు. షాంక్స్ అనే సముద్రపు దొంగ ఇచ్చిన ఆ టోపీని అంతకుముందు బగ్గీ అనే మరో దొంగ పాడుచేస్తే లూఫీ మండిపడ్డాడు. చిరుగులు కుట్టిపెట్టింది నామియే. తర్వాత నలుగురు మగపిల్లలు పక్కపక్కన నడుస్తూ ఆర్లాంగ్ కోట వైపు బయల్దేరతారు. ఆ నడకకు మించిన పోరాట దృశ్యం ఈ సిరీస్ మొదటి మూడొందల భాగాల్లో నాకు కనబడలేదు, అందులో ఎవరూ ఎవర్నీ కొట్టకపోయినా.

అలబాస్టా ఐదో స్థానంలో. ఎడారి రాజ్యంలో వాన దొంగతనం, ఇసుకగా మారే క్రొకొడైల్, ప్రజలకూ రాజుకూ మధ్య పెట్టిన చిచ్చు. ఇక్కడి వస్తువు చిన్న నీళ్ల పీపా. ఇసుక పూడ్చేసిన యూబా ఊళ్లో టోటో అనే ముసలాయన రాత్రంతా తవ్వి తీసిన కాసిన్ని నీళ్లు లూఫీకి ఇచ్చి పంపుతాడు. తడిసిన ఇసుకను పట్టుకోవచ్చని తెలిశాక ఆ నీళ్లే క్రొకొడైల్‌ని దెబ్బకొట్టే ఆయుధమవుతాయి. బాగుంది, కానీ మధ్యలో పరుగులు ఎక్కువ.

ఇక అందరూ నవ్వే స్కైపియా. దీన్ని తిట్టేవాళ్లు చెప్పేది ఒకటే, అసలు కథకు దీనితో సంబంధం లేదని. ఆ మాట సగం నిజం. అయినా ఓడా కట్టిన కథల్లో ఇంత శుద్ధమైన నిర్మాణం ఇంకోటి లేదు. నాలుగు వందల ఏళ్ల కిందట నోలండ్ అనే నావికుడు జాయా దీవిలో బంగారు నగరం చూశానని రాజుకు చెప్పాడు. రాజును తీసుకొచ్చి చూపించేసరికి నగరం లేదు. అబద్ధాలకోరని తల తీశారు. ఆ పేరు పిల్లల కథల పుస్తకంలో అబద్ధానికి గుర్తుగా మిగిలిపోయింది. ముఠా వంటవాడు సాంజీకి చిన్నప్పుడు విన్న కథ కింద తెలుసు. నోలండ్ వంశస్థుడు క్రికెట్ ఆ నగరం కోసం సముద్రం అడుగున మునిగి మునిగి ఆరోగ్యం పాడుచేసుకున్నాడు. నిజానికి సముద్రం ఎగజిమ్మి ఆ నేల సగాన్ని మేఘాల మీదికి విసిరేసింది. నగరం అక్కడే ఉంది, అందులో బంగారు గంట ఉంది.

లూఫీ పిడుగుల దేవుడు ఎనెల్‌తో పోరాడేది ఆకాశాన్ని విడిపించడానికి అనుకుంటాం. అతనికి కావాల్సింది గంట మోగడం. కింద సముద్రంలో ఉన్న క్రికెట్‌కు ఆ మోత వినిపిస్తే చాలు, నగరం ఉందని తెలుస్తుంది. చేతికి అంటుకున్న బంగారు గుండుతో ఎనెల్‌ని కొట్టిన దెబ్బ గంటకు తగులుతుంది. శత్రువు ఓడిపోవడం ఆ దారిలో జరిగిన చిల్లర పని. (ఎనెల్ మొహం గురించి ఒక మాట. పిడుగు రబ్బరుకు తగలదని అర్థమైన క్షణంలో అతని దవడ జారిన తీరు చూడడానికే ఈ ఆర్క్ మొత్తం చూడొచ్చు.)

నాలుగోది హోల్ కేక్ ఐలండ్. వస్తువు భోజనం క్యారేజీ. సాంజీని తిరిగి తెచ్చుకునేదాకా ముద్ద ముట్టనని లూఫీ ఒట్టేసుకుని ఎండిపోతుంటాడు. సాంజీ తెచ్చిన భోజనం దారిలో వానకు తడిసి, నేలపాలై, గుర్తుపట్టలేనట్టు అవుతుంది. లూఫీ అంతా తిని చాలా రుచిగా ఉందంటాడు. తిండి పారెయ్యకూడదన్నది సాంజీకి పుస్తకంలో దొరికిన నీతి కాదు. చిన్నప్పుడు వంటవాడు జెఫ్‌తో కలిసి బండ మీద 85 రోజులు పస్తులున్నవాడు. మాంగాలో జెఫ్ తన కాలు తానే తిని ఆ పిల్లవాడికి తిండి మిగిల్చాడు. టీవీ దాన్ని మార్చి, సాంజీని కాపాడబోయి కాలు పోగొట్టుకున్నట్టు చూపించింది. పిల్లల కార్యక్రమం కాబట్టి మార్చారనుకున్నా, క్యారేజీ దృశ్యం పూర్తి బరువుతో తగలాలంటే మాంగా కథే తెలిసి ఉండాలి.

మెరీన్‌ఫోర్డ్‌కి ఆరో స్థానం ఇచ్చానని అలిగేవాళ్లుంటారు. అన్న ఏస్ ఇచ్చిన కాగితం ముక్క కాలిపోతూ చిన్నదవుతుండడం గొప్ప గడియారం. కానీ ఓడ మీది వాళ్లెవరూ పక్కన లేని లూఫీ యుద్ధరంగంలో ఒక బాటసారిలా ఉంటాడు. అది రచయిత కావాలని చేసిందే, సరైనదే. నాకు మాత్రం వెలితి.

డ్రెస్‌రోసా దగ్గర ఒక చిక్కు. మాంగాలో 102 అధ్యాయాలు, టీవీలో 118 భాగాలు. తొలినాళ్లలో ఒక భాగంలో రెండు మూడు అధ్యాయాలు పట్టేవి. మాంగాని దాటిపోకూడదని తర్వాత ఒక అధ్యాయం కూడా పట్టకుండా లాగారు. ఒకే మొహం నాలుగుసార్లు, ఒకే పరుగు మూడు వైపుల నుంచి. మనుషులను బొమ్మలుగా మార్చేసి, కన్నవాళ్ల జ్ఞాపకాల్లోంచి కూడా తుడిచేసే శాపం ఓడా ఊహల్లో అతి భయంకరమైనది. ఆ సాగతీతలో అది నీరుగారింది. 2026 నుంచి ఏడాదికి గరిష్ఠంగా 26 భాగాలే చేస్తామని నిర్మాతలు ప్రకటించారు. పదేళ్లకు పైగా ముందే చేసి ఉంటే డ్రెస్‌రోసా పై మెట్లలో ఉండేది. వానోకి ఆ ఇబ్బంది కొంత తగ్గింది. కబుకి నాటకంలా తెరలు, అంకాలు, చెక్కల చప్పుడు, కళ్లు చెదిరే బొమ్మలు. జనం మాత్రం మరీ ఎక్కువ. అట్టడుగున లాంగ్ రింగ్ లాంగ్ ల్యాండ్, దాని గురించి వాదన లేదు. ఇంకోటి, మాంగాలో లేకుండా టీవీవాళ్లే అల్లిన జీ-8 (196 నుంచి 206) ఫిల్లరే అయినా, పంక్ హజార్డ్ కంటే నాకు ఇష్టం.

మొదటి స్థానం వాటర్ సెవెన్, ఎనియస్ లాబీ జంటది. ఇక్కడి వస్తువు ఓడే. లూఫీ ముఠా ఓడ గోయింగ్ మెర్రీ వెన్ను విరిగిందని, ఇక ఎవరూ బాగుచేయలేరని ఓడల వడ్రంగులు తేల్చేస్తారు. లూఫీ ఓడ మార్చాలంటాడు. ఆ ఓడను ప్రాణంగా చూసుకున్న ఉసాప్ ఒప్పుకోడు, కెప్టెన్‌నే సవాలు చేసి ఓడిపోయి వెళ్లిపోతాడు. ఆ రోజే ముఠాలోని రాబిన్ కనబడకుండా పోతుంది. నిషేధించిన చరిత్ర చదవగలిగిన నేరానికి ఎనిమిదేళ్ల వయసులోనే తల మీద 7.9 కోట్ల బెర్రీల వెల పడిన మనిషి. ఇరవై ఏళ్లు పారిపోయి పారిపోయి, వీళ్లైనా బతకాలని తనను తాను అప్పగించుకుంది. బతకాలనుందని ఆమె చేత అనిపించడానికి లూఫీ ముఠా ప్రపంచ ప్రభుత్వ జెండాను కాల్చేస్తుంది. కాల్చింది ముసుగేసుకుని తిరిగొచ్చిన ఉసాపే.

ఇంత గొడవలోనూ ఓడా ఓడను మరచిపోలేదు. స్కైపియాలో ఒక రాత్రి, పొగమంచులో ఎవరో సుత్తి పట్టుకుని మెర్రీకి మరమ్మతు చేయడం ఉసాప్ చూస్తాడు. పొద్దున్నే చూస్తే ఓడ పాత రూపానికి వచ్చి ఉంటుంది. ఎవరో తెలియదు, ఎవరూ మళ్లీ అడగరు. అది ఓడ ప్రాణమేనని వాటర్ సెవెన్‌లో ఫ్రాంకీ అనే ఓడల వడ్రంగి చెబుతాడు. బాల్టిక్, ఉత్తర సముద్రాల నావికుల్లో నిజంగానే ఉన్న నమ్మకం ఇది. అలాంటి ఓడ మనిషి లేకుండానే వచ్చి ముఠాను కాపాడినప్పుడు అద్భుతమనిపించదు, బాకీ తీరినట్టుంటుంది. 2000లో కాయా అనే అమ్మాయి ఇచ్చిన ఓడకు టీవీ 2007లో అంత్యక్రియలు చేసింది.

ఈ పద్ధతి వల్ల ర్యాంకులు నిలకడగా ఉండవు. రివర్స్ మౌంటెన్‌లో కొండకు తల బాదుకునే తిమింగలం లబూన్ కథ చిన్నది, సరదాది. థ్రిల్లర్ బార్క్‌లో బ్రూక్ అనే కొత్త పాత్ర వచ్చి, తాను మాటిచ్చి వెళ్లింది ఆ తిమింగలానికే అని చెప్పాక పాత రెండు భాగాలకు విలువ పెరిగింది. థ్రిల్లర్ బార్క్ మాత్రం సగటు ఆర్కే. ఇప్పుడు ఓడా కథ రాక్షసుల దేశం ఎల్బఫ్‌కి చేరింది. అక్కడివాళ్లే అయిన డోరీ, బ్రోగీలు లిటిల్ గార్డెన్‌లో నూరేళ్లుగా కొట్టుకుంటుంటే చూసి, ఎప్పటికైనా ఆ దేశం వెళ్తానని ఉసాప్ అన్నది టీవీలో 2001 నాటి మాట. ఎల్బఫ్ పూర్తయ్యేదాకా లిటిల్ గార్డెన్‌ని పద్నాలుగో స్థానంలో ఉంచాను, పెన్సిల్‌తో రాసి.