అచ్చు చెక్కిన చేయి

ఫిబ్రవరి వస్తే మా ప్రత్తిపాడు చుట్టుపక్కల కల్లాలన్నీ ఎర్రబడతాయి. మిరపకాయ ఆరాక టిక్కీలనే గోతాల్లోకి తొక్కి, మూతి కుట్టి, గుంటూరు యార్డుకు లోడెత్తే ముందు ఒక చిన్న పని మిగిలి ఉంటుంది. టిక్కీ మీద పేరు వేయాలి. మా చిన్నప్పుడు అక్షరాలు కోసిన తగరపు రేకును గోతానికి ఆనించి, నల్లరంగులో ముంచిన గుడ్డతో అద్దేవాళ్లు. యార్డులో కనుచూపు మేరా పరిచిన టిక్కీల్లో మన సరుకును పట్టిచ్చేది ఆ గుర్తే. ఆ రేకు పట్టుకునే పని నాన్న నాకిచ్చేవాడు. రేకు ఎత్తగానే గోతం మీద మా ఇంటిపేరు కనబడేది. అచ్చు మీద నా ఇష్టం అక్కడే మొదలైంది.

డ్రాయింగ్ మాస్టారుగా పనిచేసినన్నాళ్లూ పిల్లల చేత బెండకాయ ముక్కలతో పువ్వులు, బంగాళాదుంప చెక్కలతో చేపలు అచ్చు వేయించాను. రిటైరయ్యాక టేకు ముక్క తెచ్చుకుని ఉలి పట్టాను. మొదట చెక్కింది 'ప' అక్షరం. అద్దంలో కనిపించినట్టు తిరగేసి రాసుకుని, రెండు రోజులు కూర్చుని చుట్టూ ఉన్న కొయ్యంతా తీశాను. చివర్లో తలకట్టు దగ్గర ఉలి కొయ్య ఈనె వెంట జారింది. వడ్లగింజ పాటి ముక్క టప్పున లేచిపోయింది. కాగితం మీదైతే రబ్బరుతో చెరిపేస్తాం. కొయ్యలో పోయింది పోయినట్టే.

పని తెలిసినవాళ్లు ఎలా చెక్కుతారో చూద్దామని, ఆ దెబ్బతిన్న అచ్చును జేబులో వేసుకునే పెడనకు బయలుదేరాను. గుంటూరు, బెజవాడ, గుడివాడ దాటి, బందరుకు కాస్త ఇవతల ఉంటుంది ఆ ఊరు. బందరు కలంకారీగా పేరుపడ్డ అద్దకమంతా టేకు అచ్చుల మీదే నడుస్తుంది. అక్కడ ఒక అచ్చుల పనివాడి పక్కన ఒక పూటంతా కూర్చున్నాను. నున్నగా చిత్రిక పట్టిన టేకు దిమ్మ మీద బొమ్మ దించుకున్నాడు. సన్నని ఉలిని నిలబెట్టి, చిన్న కొయ్యసుత్తితో టకటకా కొడుతూ, లేచిన పొట్టును నోటితో ఊదేస్తున్నాడు. బొమ్మలో ఒక తీగ వంపు పూర్తయ్యేసరికి గంట దాటింది. నా 'ప' చూపిస్తే వేలితో తడిమి, "మాస్టారూ, ఎక్కువ తీస్తే చెక్క దండగ, తక్కువ తీస్తే గుడ్డ దండగ" అన్నాడు. లోతు చాలకపోతే రంగు సందుల్లో చేరి బట్ట మీద మరకవుతుంది. మరీ చెక్కేస్తే గీతకు ఆధారం పోయి విరుగుతుంది. నా 'ప' విషయంలో జారిన ఉలి తీయకూడనిదే తీసేసింది.

ఒక పువ్వుకు ఒక అచ్చు సరిపోదు. బయటి గీతకు ఒకటి, లోపల నిండే ఒక్కో రంగుకు ఒక్కోటి కావాలి. అన్నీ ఒకదాని మీద ఒకటి వెంట్రుకవాసి తేడా లేకుండా కూర్చోవాలి. అచ్చు అంచున ఆగిన తీగ పక్క అద్దకంలో అతుకు తెలియకుండా సాగాలి. కరక్కాయ పట్టించిన బట్ట మీద బెల్లం, ఇనప తుప్పు ఊరబెట్టిన నీళ్లు నల్లటి గీతవుతాయి. పటిక అద్దిన చోట ఎరుపు పడుతుంది. ఈ లెక్కంతా ముందే మనసులో ఉంటే తప్ప ఉలి కదలదు.

ఇదే ఓపికతో ఒక జీవితమంతా గడిపిన మనిషి ఒకాయన అమెరికాలో ఉండేవాడు. అలెగ్జాండర్ ఆండర్సన్ 1775లో న్యూయార్క్‌లో పుట్టాడు. తల్లిదండ్రుల కోరికపై వైద్యం చదివి 1796లో కొలంబియా కాలేజీ నుంచి పట్టా తీసుకున్నాడు. మనసు మాత్రం చెక్కుడు పనిమీదే. 1798లో న్యూయార్క్‌ను పచ్చజ్వరం కమ్మేసింది. ఆ ఒక్క ఏడాదిలో భార్య, పసిబిడ్డ, తల్లి, తండ్రి, సోదరుడు పోయారు. ఆయన వైద్యం వదిలేసి మిగిలిన జీవితమంతా ఉలితోనే గడిపాడు.

ఇంగ్లండులో థామస్ బ్యూయిక్ అనే చెక్కుడు పనివాడు చూపిన దారి ఆయనది. దుంగను నిలువునా పలకలుగా కోస్తే ఈనె అడ్డొస్తుంది. అడ్డంగా బిళ్లలుగా కోసి, వలయాలు కనిపించే ఆ ముఖం మీద చెక్కితే ఏ దిక్కుకైనా సన్నని గీత నిలుస్తుంది. పైగా దిమ్మ ఎత్తు సీసపు అక్షరాల ఎత్తే. అక్షరాలతో కలిపి ఒకే ఫారంలో బిగించి ఒక్క దెబ్బతో అచ్చు వేయొచ్చు. పుస్తకాల్లో బొమ్మలు చవకైంది అలాగే. మనింట్లో పెద్దబాలశిక్ష ఎలాంటిదో అమెరికా వాళ్లకు నోవా వెబ్‌స్టర్ అక్షరాల పుస్తకం అలాంటిది. దాంట్లోనూ ఆండర్సన్ బొమ్మలున్నాయి. తొంభై దాటాక కూడా చెక్కుతూ 1870లో 94 ఏళ్లకు కన్నుమూశాడు. బొమ్మల మూలల్లో చాలాచోట్ల పొడి అక్షరాలతో చిన్న సంతకం పెట్టుకున్నాడు.

అందరికీ ఆ భాగ్యం దక్కలేదు. 1857లో మొదలైన హార్పర్స్ వీక్లీ లాంటి పత్రికల్లో పెద్ద బొమ్మను ముక్కలుగా విడదీసి నలుగురైదుగురికి పంచేవాళ్లు. అందరూ చెక్కాక బిగించి ఒక పేజీగా అచ్చేసేవాళ్లు. గీసిన చిత్రకారుడి పేరు నిలిచింది. ముక్కలు చెక్కినవాళ్లలో చాలామంది పేర్లు మిగల్లేదు. ఆ శతాబ్దం ముగిసేసరికి ఫొటో బ్లాకులు వచ్చి వాళ్ల పనినీ మింగేశాయి.

మన దగ్గరా అంతే. బాపు గారి గీత ఏ వారపత్రికలో పడినా తెలుగువాడు సంతకం చూడకుండానే పోల్చుకుంటాడు. ఆయన చేతిరాత అచ్చక్షరమై ఈనాటికీ పెళ్లి శుభలేఖల మీద కనిపిస్తోంది. ఆ పేరుకు అంత అర్హత ఉంది. కానీ లెటర్‌ప్రెస్ రోజుల్లో ఆ గీతను జింకు రేకు మీదికి దించి, యాసిడ్‌లో పెట్టి, చుట్టూ ఉన్న లోహమంతా కరిగినా గీత సన్నం తరగకుండా కాచిన బ్లాకు మేకరు ఒకడున్నాడు. అతని పేరు మనం ఎన్నడూ అడగలేదు.

మా గుంటూరు సన్నం మిరపకాయకు భౌగోళిక గుర్తింపు (జి.ఐ.) ఉంది. బందరు కలంకారీకీ ఉంది. ఊరి పేరు నిలబడటం మంచిదే. అయితే కాయ పండించిన రైతు పేరు టిక్కీ మీదైనా పడుతుంది. చీర మీద పడే తీగను గంటల తరబడి అచ్చులో చెక్కిన మనిషి పేరు ఎక్కడా పడదు. ఇది అన్యాయం. దీన్ని సరిచేయడం కొనేవాళ్ల చేతిలో ఉంది. ఈసారి పెడన అద్దకం కొనేటప్పుడు ధర, రంగు నిలకడతో పాటు ఇంకొక్క మాట అడగండి: ఈ అచ్చు చెక్కింది ఎవరు? నలుగురు అడిగితే దుకాణదారు తెలుసుకుంటాడు. పదిమంది అడిగితే చీరకు కట్టిన చీటీ మీద రాస్తాడు.