రేగడిసీమలో కుండీ మొక్క

ఒకప్పుడు కర్నూలు జిల్లాలోను, 2022 నుండి నంద్యాల జిల్లాలోను చేరియున్న కోయిలకుంట్ల పరిసరములందు, నీటిని పట్టి నిలుపు పదార్థమునకై అంగడికి పోనక్కరలేదు. కాలు మోపిన చోటనెల్ల అదియే కలదు. కుందూనది కిరుదరుల పరచుకొనియున్న నల్లరేగడి వానకు తడిసి యుబ్బి, ఆ తడిని లోలోతున దాచుకొని, వానలు వెనుదిరిగిన పిమ్మట పుష్యమాఘములందు మంచు తప్ప మరియొక చినుకెరుగని శనగచేలను పండించుచున్నది. సాలుకు 670 మిల్లీమీటర్లకు అటునిటుగా మాత్రమే వాన కురియు సీమలో, కాలువ లేక, బావి లేక, ఒక పంట చేతికి వచ్చుట ఆ మంటి మహిమయే.

అయితే చేనిని పోషించిన ఆ మన్నే కుండీలో పోసినపుడు మొక్కను చంపుచున్నది. చేనిలో రేగడి నిలువెత్తు లోతున నుండును. పైపొర బీటలు వారినను క్రిందిపొరలో తడి చెడదు. జానెడు లోతు కుండీలో అట్టి క్రిందిపొర లేదు. వైశాఖమాసమున, ఎండ 42 డిగ్రీలు దాటిన దినములలో, రెండు పూటలు నీరు మరచినచో కుండీలోని రేగడి ముడుచుకొని, అంచును వదలి, తనకును కుండీగోడకును నడుమ చిటికెనవ్రేలు దూరునంత సందు కల్పించును. అప్పుడు చెంబెడు నీరు పోసినవారికి ఆ నీరు అడుగురంధ్రమునుండి వెంటనే వెలికి వచ్చుట కనబడును. మట్టి కడుపార త్రాగి మిగులు విడిచినదని వారు తలంతురు. నిజమునకు ఆ నీరు సందువెంట జారిపోయినదే కాని నడిమి గడ్డను తాకనైన లేదు. అట్టి కుండీని నీటితొట్టిలో సగము మునుగునట్లు నిలిపి, అడుగునుండి తడి యెక్కువరకు ఓపికపట్టుటయే దానికి చికిత్స.

దీనికి కారణము విచారింపదగినది. రేగడిలోని అతిసూక్ష్మములగు బంకకణములు పొరలు పొరలుగా నుండి, పొరలనడుమ నీటిని జొనుపుకొని, దానినెంత గట్టిగా పట్టుననగా, మొక్క వాడి తల వాల్చిన సమయమునను ఆ నీటిలో నించుమించు సగము మట్టిలోనే యుండిపోవును. ఇసుక తన యొద్ద నున్నదంతయు వేరున కిచ్చును గాని, దాని యొద్ద నుండునది స్వల్పము. కుండీకి కావలసినది నీటిని పట్టునదియే కాదు, వేరడిగినపుడు విడుచునది కూడ. ఆ రెండు గుణములును కూడియున్నది, ఈ పల్లెలలో ప్రతి దొడ్డిలోను దొరకునది, బాగుగా చివికిన పశువుల యెరువు. అది బంకకణములను గుళికలుగా కూర్చి, వాని నడుమ గాలికి త్రోవ చేయును. తానును నీటిని పీల్చి మెల్లగా విడుచును. రేగడి ఒక పాలు, ఎర్రమన్ను రెండు పాళ్లు, వంకయిసుక ఒక పాలు, ఏడాది మాగిన దిబ్బయెరువు రెండు పాళ్లు కలుపుట మల్లెకును కరివేపకును మేలని నా తలంపు. కలిపిన మన్ను తడిపి పిడికిట పిసికినపుడు ముద్ద నిలువవలెను; బొటనవ్రేలితో మీటినంతనే విడిపోవలెను. విడిపోనిచో ఎర్రమన్ను చేర్చవలెను, నిలువనిచో ఎరువు. అడుగురంధ్రముపై ఒక చిల్లపెంకు చాలును. గులకరాళ్ల పొర పరచినచో నీరు సులభముగా దిగిపోవునని పలువురు నమ్ముదురు గాని, సన్నని మంటినుండి నీరు రాళ్ల సందులలోనికి తేలికగా దిగదు. పొరపైననే నిలిచి వేళ్లను కుళ్లించును.

ఇటీవల కొబ్బరిపొట్టు ఇటుకలు మన యంగళ్లకును వచ్చినవి. తన బరువునకెన్నో రెట్లు నీరు పీల్చు ఆ పొట్టు మంచిదే. కాని దానిలోని యుప్పు పోవునట్లు రెండు మూడు మారులు కడిగిన పిమ్మటనే వాడవలెను. ఇక హైడ్రోజెల్ సంగతి. 1970వ దశకమున అమెరికాలోని పియోరియా పరిశోధనాలయమున మొక్కజొన్నపిండి మూలముగా తయారైన పదార్థముతో ప్రసిద్ధికెక్కిన ఈ జాతిలో, ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధనా సంస్థవారు రూపొందించిన పూసా హైడ్రోజెల్ మన దేశపుది. శుద్ధజలమున తన బరువునకు 350 రెట్లు నీరు పీల్చి, నానిన సగ్గుబియ్యమువలె ఉబ్బునని దానికి పేరు. శుద్ధజలమున నను మాటను ఈ సీమవారు మరువరాదు. నాపరాతి గనులకు ప్రసిద్ధమైన ఈ నేలలో బోరునీరు సున్నపురాతి పొరలనుండి వచ్చునదగుటచే దానిలో కాల్షియం అధికము. ఆ కాల్షియం జెల్‌లోని గొలుసులను ఒకదానితో నొకటి ముడివేసి ఉబ్బనీయదు. కుండీల యంచున తెల్లని చారలు తేలు ఇంట, మిద్దెనుండి పట్టిన వాననీటిని వాడలేనివారు జెల్‌కై ధనము వెచ్చించుట వ్యర్థము.

నాకు అన్నిటికంటె ఇష్టమైనది ముంత పద్ధతి. క్రీస్తుకు పూర్వము మొదటి శతాబ్దమున చీనాలో ఫాన్ షెంగ్‌చి రచించిన కృషిగ్రంథమునందే పాతిపెట్టిన కుండలతో సాగు వర్ణింపబడినది. మన దేశమున కర్నాల్‌లోని లవణభూముల పరిశోధనా సంస్థవారు 1970వ దశకమున దీనిని పరీక్షించిరి. పెద్ద కుండీ నడుమ, పూత లేని చిన్న మట్టిముంతను మెడవరకు పాతి, నీరు నింపి, మూకుడు మూయవలెను. చుట్టును మన్ను ఎండినకొలది అది ముంతగోడనుండి తడిని లాగుకొనును. మన్ను తడిగా నున్నపుడు ఊట తనంతట తగ్గును. ఎవరును కొలచి పోయనక్కరలేని నీరిది. కొన్నాళ్లకు బోరునీటి సున్నము ముంత రంధ్రములను పూడ్చును. చింతపండు పులుసుతో తోమి చూచి, అప్పటికిని ఊరనిచో క్రొత్తముంత తేవలసినదే. కుమ్మరి చేతిపని నశింపకుండుటకైనను ఆ కొనుగోలు చేయదగినది.

ఇంత చేసినను కుండీని నాపబండలు పరచిన మిద్దెపై నేరుగా నుంచినచో, కాలిన బండ అడుగునుండి వేళ్లను ఉడికించును. రెండు ఇటుకలపై ఎత్తి నిలిపి, మన్నుపై రెండంగుళముల మందమున బుడ్డలపొట్టుగాని, తరిగిన జొన్నచొప్పగాని కప్పి, తెల్లవారుజామున నీరు పోయుట ఈ ఎండలకు తగిన విధము. పొట్టు కాండమును తాకకుండ వ్రేలి వెడల్పు ఎడము విడువవలెను, లేనిచో చెదలు పట్టును.